కిటికీలు తెరిచిన రోజు

మినియాపొలిస్, అమెరికా,
ఏప్రిల్ 20, ఆదివారం

అమ్మా,

నువ్వూ నాన్నగారూ క్షేమమని తలుస్తాను. మేము కులాసా. ప్రతి ఆదివారం ఫోనులో "చలి తగ్గిందా తల్లీ" అని అడుగుతావు, నేను "ఇంకా లేదమ్మా" అంటాను. ఇవాళ ఆ జవాబు మారింది. ఫోనులో చెబితే తనివి తీరదని ఉత్తరం రాస్తున్నాను.

పొద్దున కిటికీలన్నీ తెరిచాం. చలిగాలి చొరబడకుండా నవంబరులో చట్రాలకు అతికించిన ప్లాస్టిక్ పొరలను నేనూ బాబూ కలిసి ఊడదీశాం. మొదట లోపలికి వచ్చింది తడిమట్టి వాసన. చలికాలంలో ఇక్కడ ఆరుబయట దేనికీ వాసన ఉండదమ్మా, నేలా గడ్డీ అన్నీ మంచు కింద గడ్డకట్టి ఉంటాయి. అందుకే కాబోలు, ఆ వాసనకు నాకు కళ్ళు చెమర్చాయి. తెనాలిలో నువ్వు పది గంటలకల్లా ఎండకు కిటికీలు మూసేస్తావు. నేను ఇక్కడ అదే పది గంటలకు తెరిచాను. బయట 15 డిగ్రీలే, అయినా జనవరిలో మైనస్ 28 చూసిన ఒంటికి అది నులివెచ్చగా ఉంది.

వాకిట్లో ఉప్పు మరకలు కడిగేశాను. దారి జారకుండా చలికాలమంతా చల్లే ఉప్పు బూట్లతోపాటు ఇంట్లోకి వస్తుంది. పక్కింటి పెద్దావిడ కూడా నెలల తరవాత బయటికి వచ్చి, కంచె దగ్గర చాలాసేపు మాట్లాడింది. మినెటోంకా సరస్సులో మంచు వదిలిందని ఆవిడే చెప్పింది. అన్ని పాయల్లోనూ పడవ అడ్డులేకుండా తిరగగలిగితేనే మంచు వదిలినట్టు లెక్కట. 2018లో మే 5 దాకా వదలలేదు. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడే ఊళ్ళో ఇప్పుడు రాత్రి ఎనిమిదింటి దాకా వెలుగు ఉంటోంది.

అసలు సంగతి కరివేపాకు మొక్కది. హీటరు ఎండుగాలికి సంక్రాంతి నాటికి ఆకంతా రాలి పుల్లలు మిగిలాయని నీకు చెప్పలేదు, బాధపడతావని. దక్షిణం కిటికీ దగ్గర పెట్టి, నీళ్ళు తగ్గించి, రోజూ గోటితో కాండం గీరి చూసేదాన్ని. లోపల పచ్చగా కనిపిస్తే ధైర్యంగా ఉండేది. ఉగాది నాడు బయట మంచు పడుతుంటే, నువ్వు పంపిన ఎండు వేపపువ్వుతో పచ్చడి చేసి, మొక్క దగ్గరికి వెళ్ళాను. కణుపు దగ్గర ఎర్రటి చిగురు! బాబును ఎత్తుకుని చూపించాను. ఇప్పుడు ఏడు రెమ్మలు వేసింది. ఇవాళ గంటసేపు నీడలో బయట పెట్టి, మళ్ళీ లోపలికి తెచ్చాను. ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకు మాడిపోతుంది. మే సగం దాటేదాకా రాత్రిళ్ళు మంచు భయం ఉంది కాబట్టి రోజూ ఈ మోత తప్పదు. నాకు అది బరువనిపించడం లేదు.

ఇంకా ఒక్క ఆకు కూడా కోయలేదు. కొసలు ఎప్పుడు తుంచాలి, ఎంత తుంచాలి? కొమ్మ గుబురుగా రావాలంటే పూత తీసెయ్యాలని నువ్వు అనేదానివి, ఇంత చిన్న మొక్కకూ అంతేనా? ఆవకాయ పని అయ్యాక తీరిగ్గా చెప్పు, అందాకా ముట్టుకోను.

నాన్నగారికి నమస్కారాలు.

నీ కూతురు