తుర్రం ఖాన్ ఎవరు మేడం?

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల సోషల్ టీచర్ సెలవు పెడితే ఎనిమిదో తరగతికి నేను వెళ్లాను. సైన్య సహకార ఒప్పందం పాఠం. 1798లో నిజాం సంతకం పెట్టాడు, ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని తన ఖర్చుతో పోషించడానికి ఒప్పుకున్నాడు... పిల్లలు గడగడా అప్పజెప్పేశారు. నాకు ముచ్చటేసింది. అంతలో వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "మేడం, హైదరాబాద్‌ని ఏలింది నిజాములే కదా, మరి కోఠీలో ఆ తెల్లోళ్ల బిల్డింగ్ ఎందుకుంది?" అంది.

జవాబు బోర్డు మీద రాసేయొచ్చు. రాయలేదు. "చూసొద్దాం పద" అన్నాను. వచ్చే నెల మూడో శనివారం ఎనిమిదో తరగతి ట్రిప్ అలా ఖాయమైంది.

పోయినేడాది ట్రిప్ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఒక్క రోజులో గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, చివర్లో బిర్లా మందిర్. సగం రోజు బస్సులోనే గడిచింది. మర్నాడు వ్యాసం రాయమంటే ఒకడు "ట్రాఫిక్ చాలా ఉంది, చార్మినార్ దగ్గర సమోసా బాగుంది" అని రాశాడు. వాడికి పదికి ఆరు మార్కులు వేశాను, ఉన్నమాట రాశాడు కాబట్టి. ఆ ప్లాన్ వేసింది నేనే. అందుకే ఈసారి రెండే చోట్లు.

పొద్దున కోఠీ. పాత పుస్తకాల కోసమో, సుల్తాన్ బజార్‌లో చీరల కోసమో అక్కడికి వెళ్లనివాళ్లు మనలో ఉండరు. కానీ మహిళా కళాశాల గేటు దాటి లోపలికి వెళ్లినవాళ్లు తక్కువ. కోఠీ అంటేనే పెద్ద బంగళా. నిజాం దర్బారులో కంపెనీ తరఫున ఉండే రెసిడెంటు బంగళా అది, దాని పేరే పేటకీ వచ్చింది. జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉన్నప్పుడు, 1803 ప్రాంతంలో కట్టడం మొదలైంది. నమూనా గీసింది మద్రాస్ ఇంజనీర్ల దళంలోని శామ్యూల్ రస్సెల్.

దీని గురించి ఒక కథ చెబుతారు. స్థలం కావాలని కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద ప్లాన్ గీయించి నిజాం ముందు పరిచాడట. అంత పెద్ద పటం చూసి నిజాం ససేమిరా అన్నాడట. తర్వాత అదే ప్లాన్‌ని అరచేతిలో పట్టేంత కార్డు మీద గీసి చూపిస్తే, "ఓస్, ఇంతేనా" అని ఒప్పేసుకున్నాడట. నిజమో, తర్వాత అల్లిందో గానీ, స్కేలు గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి కథ దొరకదని మన లెక్కల సారు పట్టుబట్టి తానూ బయల్దేరుతున్నారు.

అక్కడే తోటలో ఆ భవనానికే బొమ్మరిల్లంత నమూనా ఒకటి ఉంది. కిర్క్‌పాట్రిక్ పెళ్లాడిన ఖైరున్నీసా పరదాలో ఉండే మనిషి, ముందు వైపుకి వచ్చి భవనాన్ని చూడలేదు కాబట్టి ఆమె కోసం చేయించాడని అంటారు. పిల్లలు టేపుతో నమూనాలో ఒక స్తంభాన్ని కొలుస్తారు, తర్వాత ముందుకొచ్చి అసలు స్తంభాన్ని తలెత్తి చూసి దాని ఎత్తు అంచనా కడతారు. మెట్లెన్నో కూడా లెక్కపెట్టాలి. ఎన్నో ఇక్కడ రాయను, మీరు ముందే చెప్పేస్తారు. మెట్లకి అటూ ఇటూ సింహాలున్నాయి. పైన త్రికోణంలో కంపెనీ ముద్ర ఉంది. 1949 నుంచి ఆ ఆవరణలో చదువుకుంటున్నది మన ఆడపిల్లలు. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరున్న మహిళా విశ్వవిద్యాలయం.

ఇక తుర్రం ఖాన్. "పెద్ద తుర్రం ఖాన్‌లా మాట్లాడకు" అని మన పిల్లలు రోజూ ఒకరినొకరు అనుకుంటారు. ఆ మాట తుర్రెబాజ్ ఖాన్ పేరు నుంచే వచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. 1857 జులై 17న ఆయనా, మౌల్వీ అల్లావుద్దీనూ మనుషుల్ని కూడగట్టుకుని ఈ రెసిడెన్సీ మీదికే వెళ్లారు. దాడి నిలవలేదు. ఖాన్‌ని తర్వాత కాల్చి చంపారు, మౌల్వీని అండమాన్ పంపారు. కోఠీలో ఖాన్ పేరుతో రోడ్డు ఉంది. బోర్డు ఎక్కడుందో ముందు కనిపెట్టినవాళ్లకి నా తరఫున ఒక పెన్ను.

మధ్యాహ్నం సికింద్రాబాద్. పాఠంలో ఉన్న సైన్యం విడిది చేసిన వైపు అది. 1806లో దానికి అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. క్లాక్ టవర్ పార్కులో చెట్ల కింద కూర్చుని భోజనం. టవర్ 120 అడుగులు, 1897 నాటిది. కంటోన్మెంట్ ఇంగ్లీషు దొరల గొప్ప కోసం కట్టింది. అదే పార్కులో 1969 తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు పోయిన పిల్లల స్మారకం కూడా ఉంది. దాని ముందు కాసేపు ఊరికే నిలబడతాం, అక్కడ నేనేమీ చెప్పను.

పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని మమ్మీని ఈసారి చూపించడం లేదని కొందరు అలిగారు. ఆదివారం మీరే తీసుకెళ్లండి, తోట కూడా బాగుంటుంది.

టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా, టోపీ, పెన్సిల్ చాలు. ఫోన్లు వద్దు. చిప్స్ ప్యాకెట్లు అసలే వద్దు, పోయినేడాది బస్సు ఊడ్చింది మా ఆయమ్మ ఒక్కతే. ఎండకి కళ్లు తిరిగే పిల్లలుంటే అంగీకార పత్రం వెనక రాయండి, టెన్షన్ పడకండి, నర్సమ్మ మాతోనే వస్తారు. పత్రాలు ఈ శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కి చేరాలి.

ఒక్క మాట అడగాలి. మీ ఇంట్లో అమ్మమ్మో, నానమ్మో, పెద్దమ్మో ఎవరైనా కోఠీ ఉమెన్స్ కాలేజీలో చదువుకున్నారా? ఉంటే ఆమెనీ పంపండి. ఏ గదిలో క్లాసులు జరిగేవో, ఏ చెట్టు కింద టిఫిన్ తినేవారో పిల్లలకి చూపిస్తే చాలు. బస్సులో ముందు సీటు ఆమెకే ఉంచుతాం.

ఇట్లు,
మీ హెడ్‌మిస్ట్రెస్