గోడలకు అడిగే ప్లాన్ కరెంటుకూ, ఫైర్ అలారానికీ అడగాలి

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరులో ఆస్పత్రి కట్టాలన్నా, హాస్టల్ కట్టాలన్నా ప్లాన్‌ను ఆన్‌లైన్‌లో డీపీఎంఎస్‌కు (భవన అనుమతులిచ్చే ప్రభుత్వ వెబ్‌సైట్) పంపాలి. సెట్‌బ్యాక్ (బిల్డింగ్ చుట్టూ ఉండాల్సిన ఖాళీ స్థలం) ఎంత వదిలారు, ఎత్తెంత, పార్కింగ్ ఎక్కడ అన్నది కంప్యూటరే కొలిచి చూస్తుంది. తేడా ఉంటే ఫైలు వెనక్కి వస్తుంది. అదే బిల్డింగ్‌లో ఏ అంతస్తుకు ఎంత లోడ్, ఏ గదికి ఏ సైజు వైరు, పొగ డిటెక్టర్ ఎక్కడ ఉండాలి అన్నవి మాత్రం చాలాచోట్ల కాగితం మీదికే రావు. ఓనరు, మేస్త్రీ, వైర్‌మ్యాన్ నిలబడి సుద్దముక్కతో గోడ మీద గీసుకున్నదే డిజైన్. ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా రోజూ ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

ఒకప్పుడు ఈ లెక్కలు కావాలంటే చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న కన్సల్టెంట్ దగ్గరికి పోవాల్సి వచ్చేది. ఇప్పుడు రెవిట్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఆర్కిటెక్ట్ గీసిన ప్లాన్ మీదే లైట్లు, ఏసీ పాయింట్లు, డీబీలు (కరెంటును గదులకు పంచే పెట్టెలు), డిటెక్టర్లు పెట్టుకుంటూ పోవచ్చు. ఏ ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్) మీద ఎంత లోడ్ పడింది, మూడు ఫేజుల్లో ఏది ఎక్కువ మోస్తోంది అన్నది పట్టికలో వచ్చేస్తుంది. పై అంతస్తులో ఇంకో నాలుగు ఏసీలు కలిపితే మెయిన్ తట్టుకుంటుందా లేదా అన్నది వైరు కాలకముందే లెక్కలో తేలుతుంది. రెవిట్‌కు ఏటా డబ్బు కట్టాలి, చిన్న కాంట్రాక్టర్‌కు అది భారమే. అయితే లైటింగ్ లెక్కలకు డయాలక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అలారం ప్యానెల్ (డిటెక్టర్లన్నీ కలిసే పెట్టె) తయారు చేసే కంపెనీలు చాలావరకు బ్యాటరీ, కేబుల్ లెక్కల టూల్స్‌ను ఊరికే ఇస్తున్నాయి.

ఫైర్ అలారం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన దేశంలో దీనికి ఐఎస్ 2189 ప్రమాణం ఉంది. చదునైన సీలింగ్ ఉన్న హాల్లో ఏ చోటు నుంచైనా ఏడున్నర మీటర్ల లోపు పొగ డిటెక్టర్ ఉండాలి. వేడిని పట్టే డిటెక్టర్ అయితే 5.3 మీటర్ల లోపు ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో డిటెక్టర్ పెట్టగానే దాని చుట్టూ ఆ దూరం కొలతతో వలయం గీసుకోవచ్చు. వలయం పడని చోటు ఖాళీగా కనిపిస్తుంది, చదువు లేనివాళ్లకు కూడా అర్థమవుతుంది.

ఈ మధ్య నెల్లూరు పొగతోటలో ఒక నర్సింగ్‌హోమ్‌కు అదనపు ఏసీల పని మీద వెళ్లాను. కట్టినప్పుడు హాలుగా ఉన్న వార్డును జిప్సం బోర్డులతో నాలుగు గదులు చేశారు. పార్టిషన్ సీలింగ్‌కు తాకింది. ఉన్న ఒక్క డిటెక్టర్ పాత చోటే, ఒక గదిలో ఉండిపోయింది. మిగతా మూడు గదుల్లో పొగ లేచినా దానికి తెలిసే దారి లేదు. ఫైల్లో ఉన్న అలారం డ్రాయింగ్ తీస్తే దాని మీద వేరే ఊరి హోటల్ పేరుంది, ఇక్కడ మెట్లున్న చోట అందులో లిఫ్ట్ ఉంది. మెట్ల కింద డీబీ తలుపు తీశాను. స్టిక్కర్ మీద పెన్నుతో రాసింది చెరిగిపోయి ఏ ఎంసీబీ ఏ గదిదో నాకే తెలియలేదు, నైట్ డ్యూటీ సిస్టర్‌కు ఎలా తెలుస్తుంది? డీబీకి ఆనించి పరుపులు పేర్చారు. లాప్‌టాప్‌లో ఆ అంతస్తు గీసి వలయాలు చూపిస్తే డాక్టరుగారు “ఇన్నాళ్లూ మాకెవరూ చెప్పలేదే” అన్నారు. ఆ వారంలోనే డిటెక్టర్లు పెట్టించారు. చెబితే చేసేవాళ్లున్నారు, చెప్పే ఏర్పాటే లేదు.

2011లో కోల్‌కతా ఏఎంఆర్ఐ ఆస్పత్రిలో బేస్‌మెంట్‌లో పుట్టిన పొగ పై అంతస్తులకు పాకి, మంచాల మీదున్న పేషెంట్లు ఊపిరాడక చనిపోయారు. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ సెంటర్‌గా నడుస్తున్న హోటల్లో తెల్లవారుజామున మంటలు లేచి పది మంది పోయారు. లేచి పరుగెత్తలేనివాళ్లు ఉన్న చోట మొదటి రెండు మూడు నిమిషాలే ప్రాణం.

మన దగ్గర ఫైర్ ఎన్ఓసీ (ఫైర్ శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) ప్రధానంగా ఎత్తును బట్టి నడుస్తుంది. వాణిజ్య భవనాలకు 15 మీటర్లు, నివాస భవనాలకు 18 మీటర్లు ఎత్తుంటే అది తీసుకోవాలి. జనం చేరే స్కూళ్లు, ఫంక్షన్ హాళ్లకు వేరే కొలతలున్నాయి. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో గానీ ఒంగోలు కర్నూలు రోడ్డులో గానీ చూడండి, ఆ ఎత్తుకు కాస్త లోపే ఆగిన బిల్డింగులు ఎన్ని ఉన్నాయో. వాటిలో క్లినిక్కులున్నాయి, లేడీస్ హాస్టళ్లున్నాయి, కోచింగ్ సెంటర్లున్నాయి. ఎత్తు తక్కువైనంత మాత్రాన పొగ తక్కువ రాదు.

సాఫ్ట్‌వేర్ ఉంటే సరిపోతుందని నేను అనడం లేదు. ఏసీ గాలి నేరుగా తగిలే చోట డిటెక్టర్ పెడితే పొగ దాని దగ్గరికే చేరదు. వంటగదిలో పొగ డిటెక్టర్ పెడితే పోపు పెట్టినప్పుడల్లా మోగుతుంది, రెండు రోజులు చూసి ఎవరో ఒకరు ప్యానెల్ ఆఫ్ చేస్తారు, ఇక అసలు మంట వచ్చిన రోజు అది మోగదు. అక్కడ వేడిని పట్టేదే పెట్టాలి. ఇలాంటివి సైటులో తిరిగిన మనిషికే తెలుస్తాయి. అందుకే డ్రాయింగ్ మీద డిజైన్ చేసినవారి పేరు, లైసెన్సు నంబరు, సంతకం తప్పనిసరిగా ఉండాలి.

నెల్లూరు, ఒంగోలు పాలిటెక్నిక్‌లలో ఎలక్ట్రికల్ విద్యార్థులకు ఈ టూల్స్ నేర్పాలి. రెవిట్ తయారు చేసే ఆటోడెస్క్ కంపెనీ విద్యార్థులకు దాన్ని ఉచితంగానే ఇస్తోంది. సెలవుల్లో వైర్‌మ్యాన్‌లకు కూడా అదే ల్యాబ్‌లో చిన్న కోర్సు పెట్టొచ్చు.

కార్పొరేషన్ కమిషనర్‌గారు, జిల్లా ఫైర్ ఆఫీసర్‌గారు కలిసి ముందు పొగతోట ఆస్పత్రులతో మొదలుపెట్టాలి. ఎత్తుతో పని లేకుండా ప్రతి ఆస్పత్రీ, హాస్టలూ ఎలక్ట్రికల్, ఫైర్ అలారం డ్రాయింగ్ ఇవ్వాలని, లోపల గోడ మార్చిన ప్రతిసారీ దాన్ని సవరించి మళ్లీ ఇవ్వాలని ఉత్తర్వు ఇవ్వాలి. దాని కాపీని తెలుగులో గదుల పేర్లతో లామినేట్ చేయించి ప్యానెల్ పక్కనే తగిలించమనాలి.

– ఒక ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్, దర్గామిట్ట, నెల్లూరు