యజమాని సంతకం లేకుండానే కౌలు కార్డు ఇవ్వండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పొలం కౌలుకు చేస్తున్నది ఫలానా రైతని ప్రభుత్వం గుర్తించి, పంట రుణానికి పనికొచ్చేలా ఇచ్చేది కౌలు కార్డు. ఏటా తొలకరి ముందు ఈ కార్డుల లక్ష్యాలు జిల్లాలకు వస్తాయి, గ్రామ రెవెన్యూ అధికారులు (వీఆర్వోలు) పరుగులు పెడతారు. పని మాత్రం భూయజమాని సంతకం దగ్గరే ఆగిపోతుంది.

2011 నాటి చట్టంలో ఈ షరతు లేదు. కౌలుదారు దరఖాస్తు పెట్టుకుంటే రెవెన్యూ వాళ్లు ఊళ్లో విచారించి రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. దాన్ని రద్దు చేసి 2019లో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల ఒప్పంద పత్రం, దాని మీద యజమాని సంతకం ఉండి తీరాలంది. డెల్టాలో ఎంతోమంది యజమానులు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. ఊళ్లో ఉన్నవాళ్లకేమో సంతకం పెడితే పొలం పోతుందని భయం. కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదని ఎంత చెప్పినా, కౌలుదారును తేలిగ్గా తీసేయడానికి వీల్లేకుండా చేసిన పాత కౌలుదారీ చట్టం నాటి ఆ భయం ఒక కరపత్రంతో పోయేది కాదు. పైకి చెప్పని కారణం ఇంకొకటుంది. అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణమో, పట్టాదారు పాసుపుస్తకం చూపించి బంగారం మీద వ్యవసాయ రుణమో తీసుకుని ఉంటాడు.

కార్డు చేతికొచ్చినా బ్యాంకులో అడ్డు తగిలేది ఆ అప్పే. ఒకే నంబరుకు రెండు పంట రుణాలు ఎలా ఇస్తామంటారు మేనేజరు. 2 లక్షల దాకా వ్యవసాయ రుణానికి తనఖా అడగొద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుంచి బ్యాంకులకు చెప్పినా, కౌలు రైతు దాకా అది రావడం అరుదు. ఈలోగా నాట్లు పడిపోతాయి, ఎరువుల కొట్లో ఖాతా మొదలవుతుంది. పండిన ధాన్యం ఆ కొట్టు యజమాని చెప్పిన ధరకే పోతుంది. 11 నెలలు తిరిగేసరికి కార్డు చెల్లదు, మళ్లీ సంతకం కోసం తిరుగుడే.

ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం నమోదు చేసే ఈ-పంటలో యజమాని పేరు పడితే నష్టం ఇంకా పెద్దది. తుపానుకు చేను మునిగితే పెట్టుబడి రాయితీ, బీమా ఆయన ఖాతాకే వెళ్తాయి. మునిగింది మాత్రం కౌలుదారు పెట్టుబడి.

అందుకే ముందు పొలంలో ఉన్నదెవరో తేల్చండి. రైతు సేవా కేంద్రం సిబ్బంది గట్టు మీదికి వెళ్లి, ఇద్దరు సరిహద్దు రైతుల సాక్ష్యంతో సాగుదారు పేరు రాయాలి. ఆ జాబితాను గ్రామ సచివాలయంలో 15 రోజులు అంటించి, యజమాని ఫోనుకు సందేశం పంపాలి. అభ్యంతరం రాకపోతే కార్డు ఇచ్చేయాలి. వస్తే తహశీల్దారు ఊళ్లోనే విచారించాలి. సాగు చేస్తున్నది వేరొకరని రుజువు చేసే భారం అభ్యంతరం పెట్టినవాళ్లదే కావాలి. కౌలు ఎన్ని బస్తాలో కార్డు మీద రాయకండి, సగం పేచీ అక్కడే తగ్గుతుంది. ఇదంతా మే నెలాఖరుకు ముగియాలి. జూలైలో వచ్చే కార్డుతో ఖరీఫ్ అప్పు పుట్టదు.

సొంతంగా సాగు చేయని యజమాని తీసుకున్నది పంట రుణం ఎలా అవుతుందో రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల సమావేశంలో మీరే అడగాలి. కౌలుదారు అప్పుకు పంటే హామీగా ఉండాలి, భూమి కాదు.

చట్టం మార్చడానికి సమయం పడుతుందంటే దేవాదాయ భూముల నుంచి మొదలుపెట్టండి. అక్కడ సంతకం పెట్టాల్సింది ఆలయ కార్యనిర్వహణాధికారి, అంటే మీ ప్రభుత్వ ఉద్యోగే. వేలంలో పొలం పాడుకున్న ప్రతి కౌలుదారుకూ రసీదుతో పాటే కార్డు ఇవ్వమని దేవాదాయ శాఖ చేత ఒక ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
కౌలు రైతుల పక్షాన పనిచేస్తున్న కార్యకర్తలం