బోగీలు మార్చి ఇస్తున్నాం, వ్యాగన్ ధర తగ్గించాం: నిడదవోలు నుంచి మా కబురు

అందరికీ నమస్కారమండి.

ఏప్రిల్, మే నెలల్లో మా మోడల్ రైళ్ల షాపు నుంచి బాక్స్‌ఎన్ (పైన మూత లేని బొగ్గు గూడ్స్ పెట్టె) మోడల్ వ్యాగన్లు తెప్పించుకున్న వాళ్లకి ముందుగా క్షమాపణ చెప్పుకోవాలి. ఆ రెండు నెలల్లో 140 వ్యాగన్లు వెళ్లాయి. వాటిలో చాలా వాటికి బోగీ ఫ్రేములు వంగిపోయాయి. మీలో కొందరు ఫోన్ చేశారు, కొందరు ఫొటోలు పంపారు. ఏమీ అనకుండా ఊరుకున్న వాళ్లు కూడా ఉంటారని తెలుసు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మామూలుగా మనం రైలు పెట్టెనే బోగీ అంటాం. రైల్వే వాళ్ల లెక్కలో మాత్రం బోగీ అంటే పెట్టె కింద నాలుగు చక్రాలతో ఉండే చట్రం. బాక్స్‌ఎన్ కింద ఉండే దాన్ని క్యాస్నబ్ బోగీ అంటారు. మోడల్‌లో మేం దాన్ని పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింటర్ మీద ప్రింట్ చేశాం. చవక, ప్రింటర్ మీద పేచీ పెట్టదు, గీతలు శుభ్రంగా వస్తాయి. కానీ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెల ఎండలో తలుపులు మూసిన వ్యానులో పార్సిల్ ఎంత వేడెక్కుతుందో మన జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. దానికి తోడు ఇరుసు మొనలు రెండు వైపులా ఫ్రేముని ఎప్పుడూ నెడుతూనే ఉంటాయి. ఆ వేడిలో ఆ ఒత్తిడికి ఫ్రేము నెమ్మదిగా బయటికి విచ్చుకుంటుంది. ఇరుసు వదులవుతుంది, చక్రం ఒక పక్కకి వాలుతుంది, పాయింట్ల దగ్గరికి, అంటే పట్టాలు విడిపోయే చోటికి రాగానే వ్యాగన్ పట్టాలు దిగిపోతుంది. ఇందులో కొరియర్ వాళ్ల తప్పేమీ లేదు. అమ్మే ముందు ఒక బోగీని ఎండలో నిలబెట్టిన కారులో పెట్టి చూసి ఉంటే మాకే తెలిసేది. చూడలేదు.

ఇప్పుడు ఫ్రేములు పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్‌తో చేస్తున్నాం. అది 80 డిగ్రీల దాకా ఆగుతుంది. ఇరుసు మొన తిరిగే చోట చిన్న ఇత్తడి కప్పు కూడా పెడుతున్నాం. ఈసారి మాత్రం మా బావమరిది కారులో, అద్దాలు బిగించి, మిట్టమధ్యాహ్నం మూడు గంటలు ఉంచి చూశాకే ఒప్పుకున్నాం. పాత ఫ్రేములు వెనక్కి పంపక్కర్లేదండి. ఎన్ని వ్యాగన్లు కొన్నారో చెప్పి ఒక ఫొటో పెడితే చాలు, కొత్తవి మా ఖర్చుతో వస్తాయి. మీ పాత చక్రాలే వాటిలో సరిపోతాయి.

ఇక ధర సంగతి. దీని వెనక ఒక మెసేజ్ ఉంది.

పాలకొల్లు నుంచి ఒక మాస్టారు మా దగ్గర రెండు వ్యాగన్లు కొన్నారు. అప్పట్లో ఒక్కోటి 890 రూపాయలు. సన్నని తీగతో చేతిపట్టీలు, నిచ్చెన, బ్రేకు గొట్టం అన్నీ చేత్తో పెట్టి, రంగు వేసి ఇచ్చేవాళ్లం. ఒక్కదానికి నాలుగు గంటల పని పట్టేది. అవంటే మాకు చాలా గర్వంగా ఉండేది. ఆయన నెల తర్వాత ఇలా రాశారు: "రెండూ చాలా అందంగా ఉన్నాయండీ. కానీ రెండు వ్యాగన్లు ఇంజను వెనక తిరుగుతుంటే గూడ్స్ బండిలా లేదు. ఇంకో పది కొనే స్థోమత నాకు లేదు."

ఆ మాట మమ్మల్ని పట్టుకుని వదల్లేదు. మా షాపు వెనకే విజయవాడ–విశాఖ మెయిన్ లైను. భీమవరం, నరసాపురం వైపు లైను విడిపోయేది కూడా మా ఊళ్లోనే. రోజూ చూసే గూడ్సునే కొత్తగా చూడటం మొదలుపెట్టాను. గేటు పడ్డాక జనం ఏం చూస్తారు? ఇంజను చూస్తారు. మొదటి వ్యాగన్ చూస్తారు. తర్వాత చూడటం మానేసి లెక్కపెడతారు. పట్టాల అతుకు మీద పడే ఆ దెబ్బ, ఒకే ఆకారం మళ్లీ మళ్లీ రావడం, ఎప్పటికీ అయిపోదేమో అనిపించడం, చివర బ్రేక్ వ్యాను. గూడ్స్ బండి అంటే అదీ. అడుగు దూరం నుంచి చూస్తే తప్ప కనబడని తీగ పట్టీ కోసం మేం ఒక మాస్టారికి ఆ బండి లేకుండా చేశాం.

అసలు బాక్స్‌ఎన్ రేకులో, అంటే ఒక పూర్తి గూడ్స్ బండిలో, దాదాపు 58 వ్యాగన్లు ఉంటాయి. ఒక్కోటి ఈ చివర కప్లర్ (పక్క వ్యాగన్‌కి తగిలించే కొక్కెం) నుంచి ఆ చివర కప్లర్‌కి 10,713 మిల్లీమీటర్లు. మన మోడళ్ల సైజుని హెచ్‌ఓ అంటారు, దాని స్కేలు 1:87, అంటే అసలుదాంట్లో 87వ వంతు, కాబట్టి మోడల్ 123 మిల్లీమీటర్లు వస్తుంది. 58 పెడితే ఏడు మీటర్లు దాటుతుంది. మన ఇళ్లలో హాలు అంత ఉండదు. షాపులో బల్ల మీద నాలుగుతో, ఆరుతో, ఎనిమిదితో, పన్నెండుతో తిప్పి చూశాం. ఎనిమిది దాకా బొమ్మలాగే ఉంది. పన్నెండు దగ్గర, అంటే ఐదు అడుగుల దగ్గర, మారింది. దారిలో ఒక పక్క గోడౌను, ఇంకో పక్క కొబ్బరిచెట్లు నిలబెట్టి, బండి ముందూ వెనకా ఒకేసారి కనబడకుండా చేస్తే కన్ను మిగతాది తనే కలుపుకుంటుంది.

అందుకే వ్యాగన్‌ని మళ్లీ గీశాం. తీగ పనంతా తీసేశాం. నిచ్చెన, చేతిపట్టీలు బాడీలోనే ఉబ్బెత్తుగా వస్తాయి. పక్క గోడల మీద నిలువు పట్టీలు, పై అంచు మాత్రం తగ్గించలేదు, ఎందుకంటే దూరం నుంచి బాక్స్‌ఎన్‌ని గుర్తు పట్టేది వాటితోనే. రంగు వేయడం, అతికించడం మీరే చేసుకోవాలి. ధర 450. పది కలిపి తీసుకుంటే 4,200.

ఆ 450 ఎక్కడికి పోతుందో కూడా చెబుతాను. నాలుగు ఇరుసుల చక్రాలకి 160. కప్లింగులకి 50. ఇత్తడి కప్పులకి 24. ప్లాస్టిక్, కరెంటు 45, చెడిపోయే ప్రింట్ల వాటా 15. నంబర్ల స్టిక్కరు 12, బరువు కోసం పెట్టే ఇనప రేకు 9, ప్యాకింగ్ 25. మొత్తం 340. మిగిలిన 110లోనే మా కూలి, అద్దె, ప్రింటర్ రిపేర్లు. చక్రాలు ఇక్కడే లేతు మీద తీయిద్దామని రెండు నెలలు ప్రయత్నించాం. గుండ్రంగానే వచ్చాయి కానీ ఇరుసు మధ్యలో లేవు, వ్యాగన్ ఊగుతూ వెళ్లింది. పైగా మోడల్ పట్టాలు రెండింటిలోనూ కరెంటు ఉంటుంది కాబట్టి ఒక వైపు చక్రాన్ని ఇరుసు నుంచి వేరు చేయాలి, లేకపోతే షార్ట్ అవుతుంది. ఆ పని కూడా సరిగ్గా కుదరలేదు. కాబట్టి చక్రాలు బయటి నుంచే కొంటున్నాం. మీ దగ్గర పాత చక్రాలు, కప్లింగులు ఉంటే అవి లేకుండా కిట్ 240కే ఇస్తాం.

ఇంకో విషయంలో కూడా మా మాట మార్చుకోవాలి. పాత సూచనల కాగితంలో వ్యాగన్ 40 గ్రాములుంటే చాలని రాశాం. రెండు వ్యాగన్లకి అది చాలు. పన్నెండు కలిపి వంపులో లాగితే తేలికగా ఉన్నవి లోపలి వైపుకి ఒరిగి పడిపోతున్నాయి. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ వాళ్లు హెచ్‌ఓకి ఒక లెక్క ఇచ్చారు: ముందు 28 గ్రాములు, ఆపైన బాడీ పొడవులో ప్రతి అంగుళానికి 14 గ్రాములు. మన వ్యాగన్ బాడీ నాలుగున్నర అంగుళాల దగ్గర ఉంటుంది కాబట్టి 90 గ్రాములు. లోడు ఉన్న వ్యాగన్‌కి ఇది సులువే, బొగ్గు కింద నట్లు దాచేయొచ్చు. ఖాళీ వ్యాగన్‌కి నేల కింద ఇనప రేకు పెట్టి 75 దాకా తెచ్చాం. ఖాళీవి ఎప్పుడూ వెనక కట్టండి, బరువైనవి ఇంజను దగ్గర.

బొగ్గు లోడు ఎలా చేయాలని చాలామంది అడిగారు. వ్యాగన్ లోపలికి సరిపోయేలా థర్మాకోల్ ముక్క కోయండి. మధ్యలో కాస్త గుట్టగా ఉండాలి. దానికి నల్ల పోస్టర్ కలర్ వేయండి. స్ప్రే పెయింట్ కొట్టొద్దు, థర్మాకోల్ కరిగిపోతుంది. ఇస్త్రీ బొగ్గు గుడ్డలో కట్టి నలగ్గొట్టి, ముందు పిండి జల్లెడలో పట్టి మెత్తటి పొడి తీసేయండి. జల్లెడలో మిగిలిన దాంట్లో ఉప్మా రవ్వ సైజు పలుకులు ఏరుకోండి. అసలు బొగ్గు పెళ్ల రెండంగుళాలు ఉంటే మన స్కేల్లో అర మిల్లీమీటరు పైమాటే, అంటే రవ్వ పలుకు. ఫెవికాల్‌కి మూడింతలు నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, పలుకులు చల్లాక డ్రాపర్‌తో చుక్కలు చుక్కలుగా వేయండి. సబ్బు చుక్క లేకపోతే నీళ్లు పలుకుల మీదే ముత్యంలా నిలబడిపోతాయి, లోపలికి దిగవు. మర్నాటికి గట్టిపడుతుంది. తీసేసిన మెత్తటి పొడి పారేయకండి, వ్యాగన్ అంచుల మీద పొడి బ్రష్‌తో రుద్దడానికి అదే పనికొస్తుంది.

రంగు కోసం గేట్లకి వేసే రెడ్ ఆక్సైడ్ స్ప్రే చాలు. అయితే పన్నెండింటికీ ఒకే కొత్త రంగు ఉంటే బండి నిన్ననే కొన్నట్టుంటుంది. రెండింటిని అలాగే వదిలేసి, మిగతా వాటికి గోధుమ, నలుపు కలిపిన పల్చటి నీళ్ల రంగు పూసి తుడవండి, ఒక్కోదానికి ఒక్కో పాళ్లలో.

నంబర్ల విషయంలో కూడా దిద్దుకున్నాం. ముందు అన్ని వ్యాగన్లకీ ఒకే నంబరు వేసేవాళ్లం. సామర్లకోటలో ఉండే ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఫోన్ చేసి ఎంతో ఓపిగ్గా చెప్పారు. వ్యాగన్ నంబరు 11 అంకెలు. మొదటి రెండూ వ్యాగన్ రకం, తర్వాత రెండూ ఏ రైల్వేదో, ఆ తర్వాత రెండూ తయారైన సంవత్సరం, నాలుగు అంకెలు దాని సొంత నంబరు, చివరిది ముందున్న పదింటిని లెక్కగట్టి తేల్చే అంకె. ఇప్పుడు పది సెట్టులో పదికీ వేరే నంబర్లు వస్తాయి. పాతవాళ్లకి ఫ్రేములతో పాటు కొత్త స్టిక్కర్లు కూడా పెడుతున్నాం.

అచ్చం అసలుదే అని మేం ఎవరికీ చెప్పం. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు, 1:87లో 19 మిల్లీమీటర్లు దాటాలి. దొరికే హెచ్‌ఓ ట్రాకు 16.5. సొంతంగా ట్రాకు వేసుకుంటే తప్ప దీనికి దారి లేదు, దాని ఖర్చు వేరే. పక్క నుంచి చూస్తే తెలియదు. ఎదురుగా చూస్తే చక్రాలు కాస్త లోపలికి ఉన్నట్టు కనబడతాయి.

బీసీఎన్ గురించి అడుగుతున్న వాళ్లకి: దసరాకి ఇస్తామన్నాం, ఇవ్వలేం. మన బియ్యం బస్తాలు ఎక్కే మూత వ్యాగన్ అది, మన డెల్టా వాళ్లం ముందు చేయాల్సింది అదే. మోడల్‌లో 177 మిల్లీమీటర్ల పొడవు వస్తోంది, ప్రింటర్ మీద మూలలు పైకి లేచిపోతున్నాయి, పైకప్పు వంపులో గీతలు పడుతున్నాయి. కప్పు విడిగా, బాడీ రెండు ముక్కలుగా చేసి చూస్తున్నాం. సంక్రాంతికి వస్తుందని అనుకుంటున్నాం. అడ్వాన్సు ఇచ్చిన పదకొండు మందికీ ఈ వారంలోనే డబ్బు వెనక్కి వేస్తున్నాం. వ్యాగన్ మా చేతిలో ఉన్నాకే మళ్లీ తీసుకుంటాం.

పాలకొల్లు మాస్టారికి పది వ్యాగన్ల సెట్టు నిన్న వెళ్లింది. డబ్బు ఆయన ముందే పంపేశారు, వద్దన్నా వినలేదు. ఆయన పాత రెండింటినీ ఇంజను వెనకే కట్టమని చెప్పాను. దగ్గరగా చూసే చోట తీగ పట్టీలు ఉన్నవి ఉంటాయి, మిగతా పదీ వాటి వెనక వస్తాయి.

షాపు ఆదివారం కూడా తీసే ఉంటుంది, ఉదయం పది నుంచి సాయంత్రం ఏడు దాకా. బల్ల మీద పన్నెండు వ్యాగన్ల బండి తిరుగుతూ ఉంటుంది. పిల్లల్ని తీసుకు రండి, కంట్రోలర్ వాళ్ల చేతికే ఇస్తాం.