దీపం, లెన్సు, తీగ ముట్టుకోకుండా మెషిన్ విజన్ రాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టినప్పటి నుంచి అనంతపురం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో మెషిన్ విజన్ (కెమెరాతో యంత్రం వస్తువులను చూసి తనిఖీ చేయడం) మాట గట్టిగా వినబడుతోంది. సిలబస్‌లోకి వచ్చింది, కొన్నిచోట్ల ల్యాబ్ తలుపు మీద బోర్డూ వచ్చింది. లోపలికి వెళ్తే మాత్రం చాలాచోట్ల కనిపించేవి వరసగా కంప్యూటర్లే. ఇంటర్నెట్ నుంచి దించుకున్న బొమ్మల మీద పిల్లలు ఓపెన్‌సీవీ అనే బొమ్మల లైబ్రరీతో రాసిన ప్రోగ్రాములు నడుపుతుంటారు. అది ఇమేజ్ ప్రాసెసింగ్. నేర్పాల్సిందే. కానీ బెల్టు మీద పోతున్న వస్తువును పనికొచ్చేలా ఫొటో తీయడం తెలియని విద్యార్థికి మెషిన్ విజన్ వచ్చిందని ఎలా అంటాం? దీపం ఎక్కడ పెట్టాలి, ఏ లెన్సు బిగించాలి, కెమెరాకు సిగ్నల్ ఏ క్షణంలో అందాలి అన్నవి చేత్తో చేస్తేనే పట్టుబడతాయి.

కొన్ని కాలేజీలు శిక్షణ పరికరాలు కొంటున్నాయి, సంతోషం. అయితే వచ్చేవి ఎక్కువగా మూసేసిన పెట్టెలు. చిన్న బెల్టు, లోపల కెమెరా, చుట్టూ అక్రిలిక్ తలుపులు. బటన్ నొక్కితే ఎర్ర బిళ్ల ఒక వైపు, నీలం బిళ్ల మరో వైపు పడతాయి. తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించడానికి బాగుంటుంది. దాని ముందు మూడు గంటలు నిలబడిన విద్యార్థి నేర్చుకునేది బటన్ ఎక్కడుందన్నదే. అన్నీ ముందే కుదిర్చిన పరికరంలో కుదర్చడానికి ఏమీ మిగలదు. మేమడిగేది విప్పి, చెడగొట్టి, మళ్లీ బిగించగల బల్లలు.

అలాంటి బల్ల మీద మొదటి పాఠం లెన్సు లెక్క. పరిశ్రమల్లో బాగా వాడుకలో ఉన్న ఒక రకం సెన్సర్‌నే తీసుకుందాం. 1440 పిక్సెళ్ల వెడల్పు, 1080 ఎత్తు, ఒక్కో పిక్సెల్ 3.45 మైక్రాన్లు. అంటే సెన్సర్ వెడల్పు దాదాపు 5 మి.మీ. బెల్టు మీద 120 మి.మీ. మేర కనబడాలి, చేతిలో 12 మి.మీ. ఫోకల్ దూరమున్న లెన్సు ఉంది. 12ను 120తో గుణించి 5తో భాగిస్తే 288 మి.మీ. వస్తుంది. కెమెరాను దాదాపు అంత ఎత్తులో బిగించాలి. 120ని 1440తో భాగిస్తే ఒక్కో పిక్సెల్ 0.083 మి.మీ.కు సమానం. వేరుశనగ గింజ మీద 1 మి.మీ. మచ్చ పన్నెండు పిక్సెళ్లు ఆక్రమిస్తుంది కాబట్టి సులువుగా దొరుకుతుంది. 0.2 మి.మీ. పగులు రెండున్నర పిక్సెళ్లకు మించదు, దాన్ని నమ్మకంగా పట్టడం ఈ లెన్సుతో అయ్యే పని కాదు. ఏది పట్టగలమో ఏది పట్టలేమో కెమెరా బిగించక ముందే కాగితం మీద తేల్చుకోవడం ఈ విద్యకు పునాది.

ఇక్కడే ఎదురయ్యే చిన్న చిక్కు ఒకటి. సీఎస్ మౌంట్ (మౌంట్ అంటే లెన్సు బిగించే మర) కెమెరాకు సీ మౌంట్ లెన్సు పెట్టి, మధ్యలో ఉండాల్సిన 5 మి.మీ. రింగు మరిచిపోతే ఎంత తిప్పినా ఏ వస్తువూ ఫోకస్ కాదు. లెన్సు పాడైందని వెనక్కి పంపేవాళ్లున్నారు. ఫోకస్, ఐరిస్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) కుదిరాక లెన్సు పక్కనుండే చిన్న స్క్రూలు బిగించకపోవడం ఇంకొకటి. బెల్టు అదురుకు రింగులు మెల్లగా తిరుగుతాయి. సోమవారం స్పష్టంగా కనబడినది శనివారానికి మసకబారుతుంది, విద్యార్థి ప్రోగ్రాములో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటాడు.

అన్నిటికంటే ఎక్కువ గంటలు కేటాయించాల్సింది వెలుతురుకు. దీనికి మన ప్రాంతంలో దొరికే వస్తువును మించింది లేదు. తాడిపత్రిలో పాలిష్ పట్టిన నల్ల బండ ముక్క, జానెడు చదరం ఉంటే చాలు. దాని మీద సన్నని గీతలు రెండు గీయండి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. కెమెరా చుట్టూ ఉండే రింగ్ లైటు పైనుంచి వేస్తే బండలో ఎల్ఈడీల వరుస తప్ప ఏమీ కనబడదు, అద్దంలో చూసినట్టే. ఆ దీపం తీసేసి, పొడవాటి బార్ లైటును బండకు దాదాపు ఆనించినంత కిందికి దించి, పది పదిహేను డిగ్రీల వాలులో పక్క నుంచి వేయండి. నునుపైన చోట పడ్డ వెలుగు అటు వైపుకు జారిపోతుంది, కెమెరా దాకా రాదు. బండ నల్లగా ఉండిపోయి, దీపానికి అడ్డంగా ఉన్న గీత ఒక్కటి తెల్లగా మెరుస్తుంది. రెండో గీత కనబడదు. ఇప్పుడు బండను ఒక్క పావు చుట్టు తిప్పండి. మెరిసింది మాయమై, మాయమైంది మెరుస్తుంది. గీత వెంబడి పారే వెలుగు గీత అంచుకు తగలదు, తగలనిది కెమెరా వైపు తిరగదు. రెండు గీతలూ ఒకేసారి కావాలంటే ఇంకో వైపు నుంచి కూడా బార్ లైటు వేయాలి, లేదా కిందికి దించిన రింగ్ లైటు వాడాలి. ఈ అరగంట పని చేసిన విద్యార్థి దీపం మార్చితే సరిపోయే చోట వందల లైన్ల ప్రోగ్రాము రాయడు.

మామూలు ట్యూబులైటు కింద పని మొదలుపెట్టేవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాతరకం చోకున్న ట్యూబులైట్లు, నాసిరకం డ్రైవరున్న ఎల్ఈడీ దీపాలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఎక్స్‌పోజర్ (కెమెరా వెలుగును పట్టే సమయం) 2 మిల్లీసెకన్లు పెడితే ఒక ఫొటో వెలుగు, ఒక ఫొటో చీకటి. 10 మిల్లీసెకన్లు పెడితే ఆ తేడా పోతుంది, కానీ బెల్టు సెకనుకు 200 మి.మీ. నడుస్తుంటే ఆ కాసేపట్లో గింజ 2 మి.మీ. జరిగిపోతుంది. పై లెక్క ప్రకారం 24 పిక్సెళ్ల మేర అలుక్కుపోయినట్టు. అలుకు అర పిక్సెల్‌కు మించకూడదంటే ఎక్స్‌పోజర్ 200 మైక్రోసెకన్లకు దించాలి. అంటే వెలుతురు యాభై రెట్లు కావాలి. ఐరిస్‌ను ఎఫ్8 నుంచి ఎఫ్2.8కి (అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది) తెరిస్తే ఎనిమిది రెట్లు వస్తుంది, కానీ ఫోకస్ నిలిచే లోతు తగ్గుతుంది. మిగిలిన ఆరు రెట్లకు 24 వోల్టుల డీసీ మీద పనిచేసే, ఫొటో తీసే క్షణంలోనే మెరిసే స్ట్రోబ్ దీపం వాడాలి, దాన్ని మరింత దగ్గరికి జరపాలి. గెయిన్ (సెన్సర్ సిగ్నల్‌ను హెచ్చించడం) పెంచడం ఆఖరి దారి, దానివల్ల గింజ కంటే చుక్కలే ఎక్కువ కనబడతాయి. ఎక్స్‌పోజర్, ఐరిస్, గెయిన్, దీపం, ఈ నాలుగింటి మధ్య బేరసారాలు పుస్తకం చదివితే అర్థమైనట్టే ఉంటాయి. బల్ల దగ్గర నిలబడితేనే అసలు సంగతి తెలుస్తుంది.

మన ఊళ్లో ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. కిటికీ పక్కన పెట్టిన బల్ల ఉదయం ఒకలా, మధ్యాహ్నం ఒకలా పనిచేస్తుంది. నల్ల గుడ్డతో కెమెరా చుట్టూ గుడారం కట్టడం ఖర్చు లేని మందు. ఎర్ర ఎల్ఈడీ వేసి, ఆ రంగును మాత్రమే లోపలికి వదిలే ఫిల్టర్‌ను లెన్సుకు తగిలిస్తే ఇంకా మంచిది. కెమెరాలో ఆటో అన్న మాట ఎక్కడ కనబడినా ఆపేయాలి. ఆటో ఎక్స్‌పోజర్ ఉంటే నల్లబడ్డ గింజ రాగానే కెమెరా తనంతట తానే వెలుగు పెంచి దాన్ని మంచి గింజలా చూపిస్తుంది. వెబ్‌క్యామ్‌తో సరిపెడదామనేవాళ్లు గమనించాల్సింది ఇంకొకటుంది. అది ఫొటోను వరుస తర్వాత వరుసగా చదువుతుంది, కాబట్టి కదిలే గుండ్రటి వస్తువు సాగిపోయి, వంకరపోయి కనబడుతుంది. ఫొటో మొత్తాన్ని ఒకేసారి పట్టే గ్లోబల్ షట్టర్ కెమెరానే కావాలి. చిన్న కంప్యూటర్ బోర్డులు చేసే రాస్ప్‌బెర్రీ పై వాళ్లు 2023లో తెచ్చిన గ్లోబల్ షట్టర్ కెమెరాకు సీ మౌంట్ లెన్సు బిగించుకోవచ్చు. బడ్జెట్ లేదనే కాలేజీకి మొదలుపెట్టడానికి అది చాలు.

కొలతల పాఠానికి చీనీ (బత్తాయి) కాయ తీసుకోండి. చదరంగం గళ్ల కాగితంతో బెల్టు మట్టానికి క్యాలిబ్రేషన్ (ఒక్కో పిక్సెల్ ఎన్ని మి.మీ.లో తేల్చడం) చేసి, 70 మి.మీ. కాయను కింద పెడితే 77 చూపిస్తుంది. కెమెరా 400 మి.మీ. ఎత్తులో ఉంటే కాయ నడుము బెల్టు కంటే 35 మి.మీ. పైన, అంటే కెమెరాకు అంత దగ్గరగా ఉంటుంది. దగ్గరున్నది పెద్దగా కనబడుతుంది. కాయ నడుము ఎత్తులో మళ్లీ క్యాలిబ్రేషన్ చేస్తే తేడా చాలావరకు పోతుంది. గళ్ల కాగితంతోనే ఇంకో మోసం జరుగుతుంది. ప్రింటరు పేజీకి సరిపెట్టే పేరుతో గళ్లను కుదించేస్తుంది. పది గళ్ల పొడవును వెర్నియర్‌తో కొలిచాకే వాడాలి, అద్దం పలక మీద ముడత లేకుండా అతికించాలి. పదిహేను ఇరవై ఫొటోలు తీయాలి, అన్నీ నిటారుగా కాకుండా కొన్ని వాల్చి, కొన్ని ఫ్రేము మూలల్లో పెట్టి. లెక్కలో మిగిలే తప్పు అర పిక్సెల్ దాటితే మళ్లీ మొదలుపెట్టాలి.

తీగల దగ్గర ప్రమాదం ఉంది కనుక అధ్యాపకుడు పక్కన ఉండాలి. వస్తువు వచ్చిందని కెమెరాకు చెప్పడానికి బెల్టు పక్కన పెట్టే ఫొటో సెన్సర్‌కు మామూలుగా మూడు తీగలు. గోధుమరంగు 24 వోల్టులు, నీలం సున్నా, నలుపు సిగ్నల్. పీఎన్‌పీ రకమైతే వస్తువు రాగానే నలుపు తీగ మీద 24 వోల్టులు వస్తాయి. ఎన్‌పీఎన్ రకమైతే అదే తీగను సున్నాకు లాగుతుంది. ఒకదాని కోసం వేసిన వైరింగ్‌లో రెండోది పెడితే కెమెరా ఉలకదు పలకదు. ఆ 24 వోల్టులను తిన్నగా రాస్ప్‌బెర్రీ పై పిన్నుకు ఇస్తే బోర్డు కాలిపోతుంది, ఆ పిన్ను భరించేది 3.3 వోల్టులే. మధ్యలో సిగ్నల్‌ను వెలుగు ద్వారా దాటించే ఆప్టోకప్లర్, దాని ముందు 2.2 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టాలి. పది మిల్లీయాంపులు పారతాయి. రెసిస్టర్‌లో దాదాపు పావు వాట్ ఖర్చవుతుంది కనుక అర వాట్ రకం వాడాలి.

నెట్‌వర్క్ కెమెరా కొన్నవాళ్లు ల్యాబ్‌లో ఏళ్లుగా పడున్న 100 ఎంబీపీఎస్ స్విచ్చు ద్వారా కలపొద్దు. ఒక్కో ఫొటో ఒకటిన్నర మెగాబైట్లు, ఆ స్విచ్చులో సెకనుకు ఏడెనిమిది కంటే పోవు.

మచ్చ పట్టాక గింజను పక్కకు తోసే దగ్గర చాలా ప్రాజెక్టులు కూలుతుంటాయి. కంప్యూటర్ ఒక ఫొటోకు 15 మిల్లీసెకన్లు, ఇంకోదానికి 40 తీసుకుంటుంది. ఫలితం రాగానే గాలి వాల్వు తెరిస్తే ఆ 25 మిల్లీసెకన్ల తేడాలో గింజ 5 మి.మీ. అటూఇటూ అయిపోయి, పక్క గింజ ఎగిరిపోతుంది. టైమరుతో కాదు, ఎన్‌కోడర్ (చక్రం తిరిగినంత మేరా పల్సులిచ్చే పరికరం) లెక్కతో తోయాలి. 50 మి.మీ. వ్యాసమున్న రోలరుకు చుట్టుకు వెయ్యి పల్సులిచ్చే ఎన్‌కోడర్ ఉంటే ఒక పల్సు 0.157 మి.మీ. కెమెరా నుంచి వాల్వు 300 మి.మీ. దూరమైతే ఫొటో తీసిన క్షణం నుంచి 1910 పల్సులు లెక్కపెట్టి తెరవాలి. ఎన్‌కోడర్‌ను మోటారు షాఫ్టుకు తగిలిస్తే బెల్టు జారినప్పుడు లెక్క తప్పుతుంది. బెల్టును ఒరుసుకుంటూ తిరిగే చక్రానికి తగిలించాలి.

ఇన్ని కుదిరాకే, ఉదాహరణల ఫొటోలతో కంప్యూటర్‌కు నేర్పే డీప్ లెర్నింగ్ జోలికి పోవాలి. ఒకే గింజకు ఇరవై ఫొటోలు తీసి, కొన్ని నేర్పడానికి, కొన్ని పరీక్షించడానికి వేస్తే వచ్చే 99 శాతం ఎందుకూ కొరగాదు. గింజల వారీగా, వీలైతే బస్తాల వారీగా విడదీయాలి. కదిరి-6 రకం వేరుశనగ మీద నేర్పినదాన్ని కదిరి లేపాక్షి రకం మీద పరీక్షిస్తే అసలు బలం బయటపడుతుంది. వందలో మూడే చెడ్డవి ఉన్నప్పుడు అన్నీ మంచివే అని చెప్పే ప్రోగ్రాముకు కూడా 97 మార్కులు వస్తాయి. అందుకే వదిలేసిన చెడ్డవెన్ని, పారేసిన మంచివెన్ని అని విడివిడిగా రికార్డులో రాయించాలి.

పరీక్ష పద్ధతీ మారాలి. పనిచేస్తున్న బల్ల ఇచ్చి ప్రయోగం చేయమంటే రికార్డు చూసి చేసేస్తారు. ఐరిస్ మూసి, లెన్సు వెనక 5 మి.మీ. రింగు తీసి, ఎన్‌పీఎన్ సెన్సర్ పెట్టి, బార్ లైటు తిప్పేసి ఇవ్వండి. ఏది చెడిందో, ఎలా కనిపెట్టాడో విద్యార్థి చెప్పాలి.

కొనుగోలు కమిటీలకు మా విన్నపం. ముప్పై మంది బ్యాచ్‌కు ఒక్క పెద్ద పరికరం కంటే ఐదు మామూలు బల్లలు మేలు. టెండరులో లెన్సు విప్పగలగాలని, దీపం ఎత్తు, వాలు మార్చుకోగలగాలని, కెమెరాకు సిగ్నల్ ఇచ్చే ట్రిగ్గర్ తీగలు బయట టెర్మినల్ మీద ఉండాలని, కెమెరా గిగ్-ఈ విజన్ లేదా యూఎస్‌బీ3 విజన్ ప్రమాణానిదై ఉండాలని, ముడి ఫొటో విద్యార్థి ప్రోగ్రాముకు అందాలని రాయించండి. 8, 12, 16 మి.మీ. లెన్సులు మూడూ, రింగ్ లైటు, రెండు బార్ లైట్లు, ఒక బ్యాక్‌లైటు అదనంగా అడగండి. బెల్టు మెరవని నల్ల రంగుదై ఉండాలి.

నమూనాలకు డబ్బు అక్కర్లేదు. వేరుశనగ మిల్లుల్లో ఏరి పక్కన పోసిన గింజలు, చీనీ మార్కెట్లో మంగు మచ్చలు పట్టిన కాయలు, పాలిషింగ్ యూనిట్లలో విరిగిన బండ ముక్కలు అడిగితే ఇస్తారు. గింజలను మంచివీ చెడ్డవీ విడివిడిగా, గాలి చొరబడని డబ్బాల్లో, తేదీ రాసి పెట్టాలి. నిల్వలో గింజ పొట్టు రంగు మారుతుంది కాబట్టి ప్రతి సెమిస్టరుకూ కొత్తవి తెప్పించాలి. చీనీ కాయలైతే వారం దాటి ఉంచకూడదు.

ఇట్లు,
ఇంజనీరింగ్ ల్యాబ్ అధ్యాపకులు కొందరు,
అనంతపురం