సినిమా సంఘం వార్షిక నివేదిక: రోమన్ కథల ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ప్రాచీన రోమన్ సాహిత్యం నుంచి వచ్చిన సినిమాలు వేద్దామని తీర్మానించాం. చాలామంది రథాల పందేలు, కత్తియుద్ధాలు ఉంటాయనుకున్నారు. ‘బెన్‌హర్’ ఎందుకు వేయలేదని ఇప్పటికీ అడుగుతున్నారు. అది 1880లో ఒక అమెరికన్ రాసిన నవల. మూలం రోమన్లు లాటిన్‌లో రాసిందై ఉండాలన్నది మన షరతు. ఆ జల్లెడలో మిగిలినవి కొన్నే.

మొదట వేసింది 1966 నాటి ‘ఎ ఫన్నీ థింగ్ హాపెన్డ్ ఆన్ ది వే టు ది ఫోరమ్’. క్రీ.పూ. 184లో పోయిన ప్లాటస్ నాటకాల్లోంచి ముక్కలు ఏరి అల్లిన బ్రాడ్‌వే సంగీత నాటకం దీనికి ఆధారం. యజమాని కొడుకు ప్రేమను గట్టెక్కించి, దానికి బదులు తన స్వేచ్ఛ సంపాదించుకోవాలని చూసే బానిసగా జీరో మోస్టెల్ ఒళ్లంతా నటించాడు. సముద్రపు దొంగలు ఎత్తుకుపోయిన పిల్లల కోసం వెతికే ముసలాయన బస్టర్ కీటన్. ఏడు కొండల చుట్టూ ఏడుసార్లు తిరిగి రమ్మంటే పాపం తిరుగుతూనే ఉంటాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో, సినిమా విడుదల కాకముందే కీటన్ చనిపోయాడని పరిచయంలో చెప్పేశాను. అది నా పొరపాటే. ఆయన తెర మీదికి వచ్చినప్పుడల్లా జనం నవ్వాల్సింది పోయి అయ్యో అన్నారు.

గుల్జార్ 1982లో తీసిన ‘అంగూర్’ మన షరతుకు లోబడుతుందా లేదా అని కార్యవర్గంలో పెద్ద గొడవే జరిగింది. ప్లాటస్ రాసిన కవల అన్నదమ్ముల నాటకాన్ని షేక్స్‌పియర్ తీసుకున్నాడు, అక్కణ్ణుంచి గుల్జార్ దాకా వచ్చింది. మనవడి వరస అవుతుంది కాబట్టి ఒప్పుకున్నాం. ప్లాటస్‌లో కవలలు ఒక్క జంటే. నౌకర్లను కూడా కవలలు చేసింది షేక్స్‌పియర్. అలా చేయకపోతే సంజీవ్ కుమార్ పక్కన దేవేన్ వర్మ రెండు పాత్రలు వేసేవాడూ కాదు, ఫిల్మ్‌ఫేర్ అవార్డు తెచ్చుకునేవాడూ కాదు. ఏడాది మొత్తంలో కుర్చీలు చాలనిది ఆ ఒక్కరోజే.

ప్లాటస్‌దే మరో నాటకం నుంచి వచ్చిన 1935 నాటి జర్మన్ సినిమా ‘ఆంఫిట్రియాన్’లో భర్తా, ఆ భర్త వేషంలో వచ్చే జూపిటర్ దేవుడూ ఇద్దరూ విల్లీ ఫ్రిచ్చే. చూస్తుంటే అహల్య గుర్తు రానివాళ్లు లేరు. వర్జిల్ కావ్యం మీద 1962లో వచ్చిన ఇటలీ సినిమా గురించి చెప్పడానికి పెద్దగా లేదు. హీరో ఈనియస్‌గా స్టీవ్ రీవ్స్ కండలు బాగున్నాయి.

అసలు రచ్చ ఇటలీ దర్శకుడు ఫెలీని ‘సాటిరికాన్’ దగ్గర. నీరో చక్రవర్తి కాలంలో పెట్రోనియస్ రాసిన కథలో మనకు దక్కినవి తునకలే. 1969లో ఫెలీని ఆ ఖాళీలను పూడ్చకుండా అలాగే వదిలేశాడు. అదే ఏడాది పొలిదోరో అనే మరో దర్శకుడు కూడా ఇదే కథ తీశాడు, పేరు ముందే ఆ వైపు నమోదైంది. అందుకే ఈ సినిమా పేరులోనే ఫెలీని పేరు చేరింది. కొత్తగా డబ్బు చేసిన ట్రిమాల్కియో ఇచ్చే విందే దీనికి ప్రాణం. ఆ పాత్రకు ఫెలీని పెద్ద నటుణ్ణి పెట్టుకోలేదు, రోమ్‌లో హోటల్ నడిపే మారియో రొమాన్యోలీని పెట్టాడు. వచ్చినవాళ్లకు వడ్డించడమెలాగో ఆయనకు ఒకరు నేర్పాలా! పొలిదోరో సినిమాలో అదే పాత్ర వేసింది పేరున్న నటుడు ఊగో తొన్యాత్సీ. నా ఓటు మాత్రం హోటలాయనకే. పంది పొట్ట కోస్తే సాసేజ్‌లు జారిపడే సీన్ తర్వాత మన మిరపకాయ బజ్జీలు ఎవరూ ముట్టలేదు.

చివర్లో హీరో మాట్లాడుతూ మాట్లాడుతూ వాక్యం మధ్యలో ఆగిపోతాడు. మనవాళ్లు ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయిందనుకుని టెన్షన్ పడి వైర్లు పీకేశారు. దాంతో మనుషులు గోడ మీద వెలిసిపోయిన బొమ్మలుగా మారే చివరి షాట్ ఎవరూ చూడలేదు. మర్నాటి ఆదివారం ఆ ఐదు నిమిషాలు మళ్లీ వేశాం. దానికే పదిమంది వచ్చారు.

పిల్లల్ని తీసుకొచ్చి మధ్యలో లేచిపోయిన తల్లిదండ్రులకు క్షమాపణలు. పెద్దలకు మాత్రమే అని నోటీసులో వేయకపోవడం మా తప్పే. ఇక నుంచి ముందుగా రాస్తాం.

జమాఖర్చులు కోశాధికారి సమావేశంలో చదువుతారు. వచ్చే ఏడాదికి ఓవిడ్ కథల మీద క్రిస్టోఫ్ ఒనోరే 2014లో తీసిన ఫ్రెంచి సినిమా అనుకుంటున్నాం, ఇదీ పెద్దలకే. తెలుగు సబ్‌టైటిల్స్ రాయడానికి ఇద్దరు కావాలి. ఫ్రెంచి రాకపోయినా ఫర్వాలేదు, ఇంగ్లీషు నుంచి చేసుకోవచ్చు. ఓపిక మాత్రం ఉండాలి.

ఇట్లు,
కార్యదర్శి