సంగీత కళాశాలల్లో పాట కట్టడం కూడా నేర్పించండి

ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం. నేను 22 ఏళ్లుగా వీణ నేర్పుతున్నాను. మొన్న వేసవిలో సంగీతంలో డిప్లొమా చదువుతున్న ఒక అమ్మాయి నోటుపుస్తకం పట్టుకొని మా ఇంటికి వచ్చింది. వాళ్ల ఊరి చెరువు మీద మోహన రాగంలో, ఆదితాళంలో సొంతంగా పాట కట్టుకుంది. తాను పాడినప్పుడు బాగానే ఉంది. అదే పాటను పక్కనున్న మరో పిల్లతో పాడించాను. ‘చె’ మీద స్వరాన్ని నాలుగు అక్షరాల కాలం సాగదీయడంతో ‘చెరువు’ కాస్తా ‘చేరువు’ అయిపోయింది.

“నేను పాడినప్పుడు ఇది నాకెందుకు వినిపించలేదండీ?” అని అడిగింది. రాసినవారికి మాట ముందే తెలుసు కనుక చెవి సరిపెట్టుకుంటుంది. ఇంకొకరి గొంతులో విన్నప్పుడే తప్పు బయటపడుతుంది.

పల్లవి తర్వాత వచ్చే అనుపల్లవిలో పాట మంద్ర పంచమం, అంటే కింది స్థాయిలోని ‘ప’ స్వరం దాకా దిగింది. ఐదు శ్రుతిలో, అంటే ఎత్తైన ఆధార స్వరం పెట్టుకొని పాడే ఆడపిల్లలకు అంత కిందికి గొంతు పలకడం కష్టం. అదే వరుసను నేను వీణ పంచమం తీగ మీద మీటితే గదంతా నిండింది. అప్పుడా అమ్మాయి ఆ వరుసను వీణకు వదిలేసి, గొంతును షడ్జం (‘స’) దగ్గర నిలిపింది. గొంతుకు ఏది రాయాలో, వాద్యానికి ఏది వదలాలో ఆ అరగంటలో తనకు తానే తెలుసుకుంది.

అయ్యా, ఈ చదువు ఆమె తరగతిలో లేదు. కీర్తనలు, వర్ణాలు పాఠం చేయిస్తారు, అప్పటికప్పుడు అల్లే కల్పన స్వరాలు వేయిస్తారు. అవి కావలసినవే, ఆ పునాది లేకుండా ఎవరూ పాట కట్టలేరు. కానీ సాహిత్యంలోని గురులఘువులు తాళంలో ఎలా కూర్చోవాలో, ఎత్తుగడ (తాళంలో పాట మొదలయ్యే చోటు) ఎక్కడ పెట్టాలో, చిట్టస్వరం (ముందే కూర్చిన స్వరాల వరుస) ఎందుకు చేర్చాలో రాసి, పాడించి, దిద్ది చూపే పీరియడు ఒక్కటీ లేదు.

1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. హరికథలకు మాటా ఆయనదే, వర్ణమెట్టూ ఆయనదే. విజయవాడ కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు మిగతా రాగాలకు మూలమైన 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు రచించారు. వాగ్గేయకారులు కూర్చున్న కుర్చీలవి. అలాంటి చోట పిల్లలు ఒక్క పల్లవైనా సొంతంగా రాయకుండా పట్టా పుచ్చుకొని వెళ్లిపోతుంటే నాకు బాధగా ఉంది.

డిప్లొమాలో సంగీత రచనకు ఒక పేపరు పెట్టించండి. వారానికి రెండు పీరియడ్లు చాలు. రాసిన పాటను కళాశాలలోని గాత్రం, వయొలిన్, మృదంగం విద్యార్థులే కలిసి వినిపించాలి, రాసినవారు ఎదురుగా కూర్చొని వినాలి. కొత్త భవనాలు అక్కర్లేదు, వాద్యాలు గదుల్లోనే ఉన్నాయి. పరీక్షలో ఆ పాటకే మార్కులు వేయాలి. వచ్చే విద్యా సంవత్సరం పాఠ్యప్రణాళిక ఖరారయ్యేలోపు సంగీత ఉపాధ్యాయులను ఒకసారి పిలిచి మాట్లాడమని కోరుతున్నాను. ఆ అమ్మాయి ఇంకా చరణం దగ్గరే ఉంది, వచ్చే ఏడాదితో ఆమె చదువు పూర్తవుతుంది.

భవదీయురాలు,
ఒక వీణ ఉపాధ్యాయురాలు